చల్లటి గుంట

మా ఇంట్లో అందరికీ సముద్రం పడుతుంది, నాకు తప్ప. మా నాన్న మరపడవ నడిపాడు. ఆయన పోయాక అన్నయ్య నడుపుతున్నాడు. మా వదిన పుట్టింటివాళ్ళు కూడా వలలవాళ్ళే. నేను మాత్రం రేవు దాటి పడవ కాస్త ఊగిందంటే చాలు, పొద్దున తిన్నదంతా సముద్రానికి అప్పగిస్తాను. అలాంటిదాన్ని పోయి పోయి చేపల పరిశోధన కేంద్రంలో ఉద్యోగానికి చేరాను. అన్నయ్యకు అది ఎంతకీ తరగని నవ్వులాట. కొత్తవాళ్ళెవరు కనిపించినా "మా బుజ్జి సముద్రానికి డాక్టరు. కాకపోతే ఇంతవరకూ పేషెంటు మొహం చూడలేదు" అని పరిచయం చేసేవాడు. నేనూ నవ్వేదాన్ని. అన్నయ్య ఏమన్నా నాకు కోపం వచ్చేది కాదు. అదే మాట ఇంకెవరన్నా అంటే మాత్రం వాళ్ళ నోరు మూయించేదాకా నాకు తిన్నది అరిగేది కాదు.

మా కేంద్రం రేవు పక్కనే ఉంటుంది. కింద గదిలో చేపల్ని కోసి చూసే రాతి బల్లలు, ఎంత కడిగినా వదలని వాసన. పై గదిలో నా కంప్యూటరు, చిన్న చిన్న డబ్బాల్లో చేపల చెవిరాళ్ళు. చేప చెవిలో చిన్న రాయి ఉంటుంది. చెట్టును అడ్డంగా కోస్తే వలయాలు కనిపించినట్టు దాంట్లోనూ కనిపిస్తాయి, వాటిని చూసి చేప వయసు చెప్పొచ్చు. మాకు సొంత పరిశోధన పడవ కూడా ఒకటి ఉంది. ఇంజను విప్పి ఎక్కడికో పంపారు, అది ఇంకా రాలేదు. ఈలోగా ఆ పడవ మీద కాకులు కాపురం పెట్టాయి.

నేను వెతుకుతున్నది ఎర్రచేప. మా రేవు మొత్తం బతికేది దాని మీదే. కొన్నేళ్ళుగా ఎండాకాలం వచ్చేసరికి సముద్రం అడుగునీళ్ళు కూడా వెచ్చబడుతున్నాయి. ఎర్రచేపకు ఆ వేడి పడదు. గుడ్లు పెట్టే కాలం కూడా అదే కావడంతో చల్లటి చోటు ఎక్కడుందా అని వెతుక్కుంటూ అన్నీ ఒకే చోటికి చేరతాయి. రేవు బయట సముద్రం అడుగున రెండు లోతైన గుంటలున్నాయి. ఒకటి ఒడ్డుకు దగ్గర, ఇంకోటి దూరం. మధ్యలో గట్టులాంటి మిట్ట. మ్యాపులో చూస్తే రెండూ ఒకే లోతు. ఆ రెండింటిలో ఒకదాంట్లోకి మాత్రమే బయటి సముద్రం నుంచి చల్లటి నీరు వస్తోంది. అది ఏది? అది తెలిస్తే ఎండాకాలంలో ఆ ఒక్క గుంటను వేటకు మూసి చేపల్ని గుడ్లు పెట్టుకోనివ్వచ్చు. తెలియకపోతే ఇంకొన్నేళ్ళకు మా రేవులో మిగిలేది కాకులే.

పడవెక్కలేని నేను అది ఎలా తెలుసుకునేది? అన్నయ్యే దారి చూపించాడు. వేడినీ లోతునూ నమోదు చేసే గొట్టాలు మా దగ్గర ఉన్నాయి, చేతి వేలంత ఉంటాయి. వాటిలో ఒకదాన్ని తన వల కింది తాడుకు కట్టమన్నాడు. "నీ కాళ్ళు సముద్రంలో ఆడవు కదా, నావి వాడుకో" అన్నాడు. ఆ మాటకు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత వెర్రిబాగులదాన్ని.

గొట్టానికి అన్నయ్య 'గూఢచారి' అని పేరు పెట్టాడు. వేట నుంచి వచ్చిన సాయంత్రం నా గదికి వచ్చి, తడిచేతుల్తో దాన్ని బల్ల మీద పెట్టి, "ఇదిగో నీ గూఢచారి" అనేవాడు. నేను దాన్ని కంప్యూటరుకు తగిలించేదాన్ని. ఎంత లోతులో ఎంత వేడి ఉందో అది చెబుతుంది. ఎక్కడ అన్నది మాత్రం చెప్పలేదు, నీళ్ళ అడుగున దానికి దిక్కు తెలియదు. అందుకని నేను అడిగేదాన్ని.

"ఎక్కడ వేశావన్నయ్యా?"

"దగ్గరి గుంట" అనేవాడు. లేదా "దూరపు గుంట" అనేవాడు. ఆ రెండు మాటల్లో ఏది అంటే అది కంప్యూటరులో కొట్టుకునేదాన్ని. నా పరిశోధన అంతా ఆ ప్రశ్న మీదా ఆ జవాబు మీదా నిలబడింది. వరసగా రెండు ఎండాకాలాలు ఇలాగే నడిచాక బొమ్మ తేటతెల్లంగా వచ్చింది. దగ్గరి గుంట చల్లన, దూరపు గుంట వెచ్చన. ఆ రోజు నేను అన్నయ్య ఇంటికి పరిగెత్తుకుంటూ వెళ్ళి వదినను పట్టుకుని గిర్రున తిప్పాను. వదిన నవ్వింది కానీ ఆ నవ్వులో ఏదో తేడా ఉంది. పని ఒత్తిడేమో అనుకున్నాను.

గుంటను మూయాలంటే మా డైరెక్టరు సంతకం ఒక్కటి చాలదు. రేవు కమిటీలో ఉన్న రెండు పడవల సంఘాలూ ఒప్పుకోవాలి. మరపడవల సంఘానికి అన్నయ్య పెద్ద. చిన్న పడవల సంఘానికి పెద్ద ఒక ముసలాయన. రేవులో అందరికీ ఆయన గొణుగుడు మామ. ఎండకొడితే ఎండని గొణుగుతాడు, వాన పడితే వానని గొణుగుతాడు, చేపలు బాగా పడితే మొయ్యలేక చస్తున్నానని గొణుగుతాడు. దగ్గరి గుంటే చిన్న పడవలవాళ్ళ బతుకు. అక్కడ గాలాలు వేసుకుని సాయంత్రానికి ఇంటికి రావచ్చు. దూరపు గుంట వాళ్ళకు అందని దూరం. ఏదో ఒక రోజు వెళ్ళొస్తారేమో గానీ రోజూ అంటే పడవా తట్టుకోదు, మనిషీ తట్టుకోడు.

మామ మా గదికి వచ్చాడు. కుర్చీ బాగాలేదన్నాడు, మెట్లు ఎక్కువన్నాడు, చెవిరాయి చేతిలో పెడితే కనపడి చావట్లేదన్నాడు. నేను చెప్పిందంతా విన్నాక మాత్రం గొణగడం మానేశాడు.

"ఇది నువ్వు చెప్తున్నావా, మీ ఆఫీసు చెప్తోందా?" అని అడిగాడు.

"నేనే చెప్తున్నాను మామా."

"అయితే సరే" అన్నాడు.

ఆ ఒక్క ముక్కతో చిన్న పడవలన్నీ ఆగిపోయాయి. కమిటీలో అన్నయ్య లేచి, మరపడవలు కూడా దగ్గరి గుంట వైపు తొంగి చూడవని మాటిచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనైతే చేతులు మండేదాకా కొట్టాను. మ్యాపు మీద ఎర్రగీత నేనే గీశాను.

ఆ ఎండాకాలం చిన్న పడవలు ఇసుకలో బోర్లా పడుకున్నాయి. వాటి కింద కుక్కలు నీడ చూసుకున్నాయి. మామ ఐసు ఫ్యాక్టరీలో కూలికి చేరాడు. దిమ్మలు పగలగొట్టి, ఆ ముక్కల్ని బుట్టల్లో మోసి మరపడవల్లో పోయాలి. అన్నయ్య పడవలో ఐసు పోసిన రోజు నేను రేవు మీదే ఉన్నాను. మామ నన్ను చూసి, చలికి తన వేళ్ళు తనవి కావన్నట్టున్నాయని గొణిగాడు. రెండు ఎండాకాలాలు ఓపిక పట్టు మామా, చేప మళ్ళీ పరుచుకుంటుంది అన్నాను. ఆయన తలూపి ఇంకో బుట్ట ఎత్తుకున్నాడు.

వేలం షెడ్డులో వచ్చిన చేపల్ని కొలవడం నా పనుల్లో ఒకటి. కొలబద్ద పలక మీద చేపను పడుకోబెట్టి పొడవు చూడాలి, కొన్నింటి పొట్ట కోసి చూడాలి. ఒక రోజు అన్నయ్య పడవ సరుకు ముందు కూర్చున్నాను. మొదటి చేప పొట్టలో నిండా గుడ్లు. రెండోదీ అంతే. బుట్ట అడుగు నుంచి తీసి చూసినా అంతే, వేరే బుట్టలో చూసినా అంతే. గుడ్లతో పొట్ట బిగిసిపోయిన తల్లిచేపలు, అన్నీ ఇంచుమించు ఒకే వయసువి, ఒకే గదిలోంచి లాక్కొచ్చినట్టున్నాయి. మూసిన గుంటలో ఉండాల్సిన చేపలు ఇవి. నా చేతిలో కత్తి ఆగిపోయింది. అన్నయ్య గీత దాటుతున్నాడు అనుకున్నాను.

ఒళ్ళు మండింది. నేరుగా గస్తీ పడవ అధికారి దగ్గరికి వెళ్ళాను. ఆయన టీ తాగుతూ నా వైపు జాలిగా చూశాడు. అన్నగారి పడవ రోజూ దూరపు గుంటలోనే ఉంటుందని, తన కళ్ళతో చూస్తున్నానని, ఒక్కసారి కూడా గీత దాటలేదని, అలాంటి అన్న ఉండటం నా అదృష్టమని చెప్పాడు. నాకు తల కొట్టేసినట్టయింది. తోడబుట్టినవాణ్ణి అనుమానించానే అని నన్ను నేను తిట్టుకుంటూ బయటికి వచ్చాను. మెట్లు దిగుతుంటే అప్పుడు వెలిగింది. అన్నయ్య గీత దాటలేదు. మరి తల్లిచేపలు దూరపు గుంటలో ఏం చేస్తున్నాయి? వెచ్చటి గుంటలో గుడ్లతో ఉన్న ఎర్రచేపకు ఏం పని?

అక్కడే మెట్ల మీద కూలబడ్డాను. గొట్టం అబద్ధం చెప్పదు. చల్లదనం నిజం, లోతు నిజం. అబద్ధం చెప్పగలిగింది ఒక్కటే. అది మా అన్నయ్య నోట్లోంచి వచ్చింది.

అయినా చెయ్యి పెట్టి చూడకుండా మా అన్నయ్యను దొంగ అనలేను. సముద్రం మీదికి నేనే వెళ్ళాలి. మామ దగ్గరికి వెళ్ళి, పరిశోధన కోసం అనుమతి ఉంది, నన్ను రెండు గుంటలకీ తీసుకెళ్ళమన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, తన పడవలో కక్కితే కడగాల్సింది ఎవరని గొణిగాడు. కానీ తెల్లవారేసరికి పడవ తిరగేసి నీళ్ళలోకి తోసి కూర్చున్నాడు.

ఆ రోజు గాలి లేదు. సముద్రం పళ్ళెంలో పోసిన నీళ్ళలా ఉంది. దానిక్కూడా నేను ఒడ్డు కనపడుతుండగానే మొదలుపెట్టాను. ఒక చేత్తో పడవ అంచు, ఇంకో చేత్తో నోరు. మామ నా వీపు రాస్తూ మీ నాన్నకు నువ్వెలా పుట్టావమ్మా అన్నాడు. దగ్గరి గుంట మీద తాడుకు సీసపు గుండూ గొట్టమూ కట్టి దింపాను. అడుగు తగిలాక చాలాసేపు ఉంచి గబగబా లాగాను. గుండు చేతిలోకి వచ్చింది. గోరువెచ్చగా ఉంది. గొట్టాన్ని కంప్యూటరుకు తగిలించక్కర్లేదు. నేను గీసిన గీత మధ్యలో, మామ పడవ మీద, ఆ గుండును రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నాను.

దూరపు గుంట చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. మళ్ళీ దింపాను, మళ్ళీ లాగాను. ఈసారి గుండు అరచేతిని కొరికింది. అంత చల్లగా ఉంది. చెంపకు ఆనించుకున్నాను. తర్వాత ఏమీ చెప్పకుండా మామ చేతికిచ్చాను. ఆయన ఆ గుండును పట్టుకుని, ఐసు మోసి కందిపోయిన వేళ్ళతో తిప్పి తిప్పి చూశాడు. దూరంగా అన్నయ్య పడవ వల లాగుతోంది, పైన పక్షులు మూగి ఉన్నాయి. మామ అటు చూశాడు, నా వైపు చూశాడు. తిరుగుదారి మొత్తం ఆ మనిషి ఒక్క మాట గొణగలేదు. నాకు అంతకంటే తిట్టు ఇంకోటి లేదు.

ఒడ్డుకు దిగి అదే వాలకంతో అన్నయ్య ఇంటికి వెళ్ళాను. బట్టలు ఉప్పు కట్టి, జుట్టు అట్టలు కట్టి ఉంది. వంటింట్లో వదిన నన్ను చూసి గరిటె కింద పెట్టింది. ఏమైందని అడగలేదు. నేను పడవెక్కి వచ్చానని చూస్తేనే తెలుస్తోంది, పడవంటేనే హడలిపోయే ఆడపడుచు అలా వచ్చి నిలబడితే ఎవరైనా అడుగుతారు. వదిన అడగలేదు. మంచినీళ్ళు తెచ్చిచ్చి తల దించుకుంది. నా తల దువ్వి జడలు వేసి బడికి పంపిన వదినకు మొదటి నుంచీ తెలుసు.

అన్నయ్య వేట నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. సీసపు గుండు సంచీలోంచి తీసి ఆయన ముందు పెట్టాను. అప్పటికి అది మామూలు గుండే, చల్లదనం ఎప్పుడో పోయింది. అయినా ఆయనకు అర్థమైంది.

"ఎందుకన్నయ్యా?" అన్నాను.

అన్నయ్య తువ్వాలుతో కాళ్ళు తుడుచుకుని నిదానంగా కూర్చున్నాడు. "చల్లటి గుంట ఒక్కటే ఉంది. అది తెలిస్తే నువ్వు మూయకుండా ఊరుకోవు. నీ సంగతి నాకు తెలీదా? ఎవరో ఒకళ్ళ పొయ్యి ఆరాలి. నా పొయ్యి, నన్ను నమ్ముకున్న పడవల వాళ్ళ పొయ్యి ఆర్పుకోమంటావా?"

మామ పొయ్యి ఆర్పించావు కదా, అదీ నా చేత ఆర్పించావు కదా అన్నాను. ఆయన నన్ను చదివించింది కూడా ఆ పడవేనని గుర్తుచేశాడు. చేపకేం కరువొచ్చింది, రోజూ పడవ నిండుతోంది కదా అన్నాడు. నేను గొంతు పోయేలా చెప్పాను. పెళ్ళికి వచ్చిన చుట్టాలంతా ఒక్క గదిలో ఇరుక్కుంటే, ఆ గదిని చూసి ఊరు నిండా జనమే అనుకుంటావా? సముద్రం మొత్తంలో ఉన్న చేప ఆ ఒక్క గుంటలో ఉంది, అది నిండుగా కనపడేది అందుకే, నువ్వు రోజూ తెస్తున్నది రేపటి పిల్లల్ని కడుపులో పెట్టుకున్న తల్లుల్ని. ఆయన వినలేదని చెప్పను. విన్నాడు.

"సరే బుజ్జీ" అన్నాడు చివరికి. "కమిటీలో నేనే లేచి చెప్తాను. తప్పు నాదని నా నోటితో చెప్తే నీకు మాట రాదు. గీతని దూరపు గుంటకి మార్చు. మీటింగు దాకా మీ డైరెక్టరుకి మాత్రం చెప్పకు, నా పరువు నన్ను దక్కించుకోనీ."

మళ్ళీ నమ్మాను. నన్ను ఏమనాలో మీరే అనండి. నమ్మడమే కాదు, వదిన వడ్డిస్తే తిన్నాను కూడా. వదిన నా పక్కన కూర్చుని, మా ఆయన చెడ్డవాడు కాదని అంది. నాకు తెలుసు వదినా అన్నాను. మామ దగ్గరికి వెళ్ళి, కమిటీలో అన్నీ చక్కబడతాయి, అన్నయ్య ఒప్పుకున్నాడు, నీ గుంట నీకు వస్తుంది అని చెప్పాను. మామ అప్పటిలాగే అయితే సరే అన్నాడు.

కమిటీ మీటింగు మా కేంద్రం కింది హాల్లో పెట్టారు. ప్లాస్టిక్ కుర్చీలు, కిరకిరలాడే ఫ్యాను, గోడకు మ్యాపు. మరపడవలవాళ్ళు ఒక పక్క, చిన్న పడవలవాళ్ళు ఒక పక్క కూర్చున్నారు. డైరెక్టరు మధ్యలో కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. నేను లేచి అంతా చెప్పాను. గీత తప్పు చోట ఉందన్నాను. రెండు గుంటల్లోనూ నేనే దింపి చూశానని, చల్లదనం దూరపు గుంటలో ఉందని, తల్లిచేపలన్నీ అక్కడే ఉన్నాయని వేలు పెట్టి చూపించాను. దగ్గరి గుంట ఈరోజే తెరవాలి, దూరపు గుంట ఈరోజే మూయాలి అన్నాను. హాలంతా గుసగుసలు మొదలయ్యాయి. చోటు ఎలా తప్పిందని డైరెక్టరు అడిగాడు. దానికి జవాబు మరపడవల సంఘం పెద్ద చెబుతారని చెప్పి అన్నయ్య వైపు తిరిగాను.

అన్నయ్య లేచాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. నా వైపు చూడకుండా డైరెక్టరు వైపు చూసి మాట్లాడాడు.

"నేను చేపలు పట్టేవాణ్ణి సార్. గొట్టం వాళ్ళది, కంప్యూటరు వాళ్ళది, గీత వాళ్ళది. కట్టమంటే కట్టాను, తెమ్మంటే తెచ్చాను. మేడమ్ గారు పోయినసారి ఈ గుంట చల్లన అన్నారు, మేం ఒప్పుకున్నాం. ఇప్పుడు కాదు, ఆ గుంట చల్లన అంటున్నారు. ఒకసారి తప్పు కొలిచిన మనిషి ఈసారి సరిగ్గా కొలిచారని నమ్మకం ఏంటి? దూరపు గుంట మూయడానికి మా సంఘం ఒప్పుకోదు."

నాకు ముందు వినపడింది ఆ మేడమ్ గారు అన్న మాట. నేను నడక నేర్చిన రోజు నుంచీ ఆ నోటికి నేను బుజ్జిని. మిగతాదంతా ఆ తర్వాత ఒక్కొక్కటిగా చెవికెక్కింది. తను చెప్పిన అబద్ధాన్నే తీసి నా నెత్తిన కొట్టాడు.

"నువ్వు చెప్పావు" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా ఉంది. "రోజూ నా బల్ల దగ్గర నిలబడి నువ్వు చెప్పావు. నేను అడిగాను, నువ్వు చెప్పావు."

డైరెక్టరు దగ్గి, ఆయన అలా చెప్పారనడానికి ఆధారం ఏమన్నా ఉందా అని అడిగాడు. ఆయన చెప్పాడు, నేను విన్నాను అన్నాను. వెనక ఎవరో నవ్వారు. అప్పుడు మామ లేచాడు. దూరపు గుంటలో తీసిన గుండు తానే చేత్తో పట్టుకున్నానని, అది ఐసులా ఉందని చెప్పాడు. తర్వాత అన్నయ్యను సూటిగా అడిగాడు. "దూరపు గుంటలో వల వేసి దగ్గరి గుంట అని ఈ పిల్లకి నువ్వు చెప్పావా, లేదా?"

"నాకు గుర్తులేదు" అన్నాడు అన్నయ్య.

మామ వెనక చిన్న పడవలవాళ్ళు ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. ఎవరి తప్పయితే మాకేం, పస్తులున్నది మేం అన్నారు. ఇక ఏ గీతా వద్దన్నారు. ఈ గుంట వద్దు, ఆ గుంట వద్దు, కాగితం మీద గీసేవాళ్ళ మాట అసలే వద్దన్నారు. రెండు సంఘాలూ కాదన్నాక డైరెక్టరు సంతోషంగా చేతులు దులుపుకున్నాడు. మ్యాపు మీద గీత కొట్టేసి, మళ్ళీ పరిశోధన జరిగాక చూద్దామని చెప్పి లేచాడు.

కుర్చీలు జరుగుతున్న చప్పుడులో నేను మ్యాపు పక్కనే నిలబడి ఉన్నాను. ఒక్కొక్కళ్ళూ వచ్చి మ్యాపు చూసి వెళ్తున్నారు. నాతో ఎవరూ మాట్లాడటం లేదు. వాళ్ళు చూస్తున్నది నా వేలు పెట్టిన చోటును. తల్లిచేపలన్నీ ఎక్కడున్నాయో రేవు మొత్తానికి నేనే చూపించాను. అప్పటిదాకా నాకూ మామకూ కాక ఆ సంగతి అన్నయ్యకూ ఆయన సంఘానికీ మాత్రమే తెలుసు. ఇప్పుడు అందరికీ తెలుసు, ఆపేవాళ్ళు ఎవరూ లేరు.

మర్నాడు పొద్దున ఇసుకలో ఒక్క పడవ కూడా బోర్లా లేదు. మామ ఒక్కడే ఆలస్యమై తన పడవలో గాలాలు సర్దుకుంటున్నాడు. దగ్గరికి వెళ్ళి, వద్దు మామా, అంత దూరం నీ పడవ తట్టుకోదు, ఆ చేపల్ని వదిలెయ్యండి అని బతిమాలాను. ఆయన తాడు చుట్టడం ఆపలేదు.

"ఆగమంటే ఆగాను కదమ్మా" అన్నాడు. గొణగలేదు, మామూలుగానే అన్నాడు. పడవను తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం పడిన చేప వేలం షెడ్డులో పట్టలేదు. చేపను బయట సిమెంటు మీద కూడా పోశారు. జనం నడుస్తుంటే గుడ్లు కాళ్ళ కింద నలిగి నేల ఎర్రగా జారుతోంది. అందరి మొహాల్లోనూ సంతోషం. ఇంత చేప చూసి ఎన్నాళ్ళయింది అంటున్నారు. నేను పలక ముందు పెట్టుకుని కూర్చుని కొలిచాను. నా ఉద్యోగం అది. కొలిచిన ప్రతి చేపా తల్లే.

గదికి వచ్చి దీపం వేసేసరికి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఆ నడక నాకు తెలుసు. అన్నయ్య వచ్చి, తడిచేతుల్తో గొట్టాన్ని ఎప్పుడూ పెట్టే చోటే బల్ల మీద పెట్టాడు. ఏమీ జరగనట్టే "ఇదిగో నీ గూఢచారి" అన్నాడు. గొంతు మాత్రం ఎప్పటిలా లేదు. మీటింగులో తన వెనక అంతమంది కూర్చుని ఉంటే వేరే దారి లేకపోయిందని, వదిన పొద్దుటి నుంచీ తనతో మాట్లాడటం లేదని, ఒక్కసారి ఇంటికి రమ్మని అన్నాడు.

నేను గొట్టాన్ని కంప్యూటరుకు తగిలించాను. లోతు వచ్చింది, వేడి వచ్చింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. నేను ఇన్నాళ్ళూ వెతికిన బొమ్మ, కల్తీ లేకుండా, నా కళ్ళ ముందు ఉంది. చోటు పేరు కొట్టాల్సిన గడిలో కర్సరు వెలుగుతూ ఆరుతూ ఉంది. అన్నయ్య నా ప్రశ్న కోసం చూస్తున్నాడు. నేను అడగలేదు.

"దూరపు గుంట" అన్నాడు తనే. "ఈసారి నిజమే. కొట్టుకోవా?"

"ఎవరన్నా నమ్మకమైనవాళ్ళు చెప్తే కొట్టుకుంటాను" అన్నాను.

మాట చివర అన్నయ్యా అనలేదు. ఆయన గుమ్మం దగ్గర కాసేపు నిలబడ్డాడు, ఆ పిలుపు కోసమేనేమో. తర్వాత మెట్లు దిగి వెళ్ళిపోయాడు.